యాక్రిలిక్ అతుకు వెనుక ఉన్న సైన్సు



మేముండేది మారతహళ్ళిలో, రెండో అంతస్తులో. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి చేపల తొట్టెకు ఫిల్టరు పెట్టె సొంతంగా చేస్తానన్నాడు. బోర్డులు తయారుచేసే దుకాణంలో 5 మి.మీ. యాక్రిలిక్ షీటు ముక్కలు కొలతకు కోయించి తెచ్చాను. ఆ పెట్టె రెండుసార్లు చేయవలసి వచ్చింది. ఎందుకో చెబితే మీ పాఠాలకూ పనికొస్తుందని రాస్తున్నాను.

గాజు తొట్టెలకు వాడే సిలికోన్ యాక్రిలిక్‌ను గట్టిగా పట్టుకోదు. దీనికి వాడేది ద్రావకం, సాధారణంగా మిథిలీన్ క్లోరైడ్. యాక్రిలిక్ ఒక పాలిమర్. దాని అణువులు పొడవాటి గొలుసులు. ద్రావకం రెండు అంచులనూ పైపైన కరిగిస్తుంది. అప్పుడు ఈ ముక్కలోని గొలుసులు ఆ ముక్కలోకి చొచ్చుకుపోయి పెనవేసుకుంటాయి. ద్రావకం ఆవిరైపోయాక అక్కడ మిగిలేది యాక్రిలిక్ మాత్రమే. కాబట్టి అంచుల మధ్య సందుంటే దాన్ని పూడ్చే పదార్థం వేరే ఏదీ ఉండదు.

ముక్కల మధ్య సన్నని గుండుసూదులు పెట్టి, సిరంజితో ద్రావకం వదలాలి. దీపపు వత్తిలోకి నూనె పాకినట్లు అది అంచు పొడవునా పాకుతుంది. కేశనాళికీయత అని మీరు చదివేది ఇదే. అర నిమిషం ఆగి సూదులు లాగేస్తే పై ముక్క తన బరువుకే కూర్చుంటుంది. నొక్కకూడదు, మెత్తబడిన పదార్థం బయటికి పోతుంది. ఈ పనిలో మావాడికున్న నిదానం నాకు లేదు.

నా మొదటి పొరపాటు అంచు దగ్గరే. లేజరుతో కోసిన అంచు అద్దంలా మెరుస్తుంటే అదే మంచిదనుకున్నాను. లేజరు వేడికి కరిగి చల్లారిన అంచులో ఒత్తిడి దాగి ఉంటుంది. ద్రావకం తగిలితే అది సన్నని పగుళ్ళుగా బయటపడుతుంది. నాలుగోనాడు తెల్లారేసరికి నీళ్ళు వంటింటి దాకా వచ్చాయి. రంపంతో కోసి, గరుకు కాగితంతో చదును చేసిన మసక అంచే మేలు.

తర్వాత మావాడిచేత లెక్క కట్టించాను. 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. లోతు ఉన్న గోడపై నీటి సగటు పీడనం చదరపు సెం.మీ.కు 15 గ్రాములు. వైశాల్యం 900 చ.సెం.మీ. అంటే 13.5 కిలోల బరువుకు సమానమైన బలం రాత్రింబగళ్ళు ఆ అతుకుల్ని నెడుతూనే ఉంటుంది.

రెండో పొరపాటు ఇంతకన్నా పెద్దది. వాన పడుతోందని కిటికీలు మూసి పని చేశాం. కాసేపటికి "నాన్నా, తల తిరుగుతోంది" అన్నాడు. మిథిలీన్ క్లోరైడ్ సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది కనుక గదిలో త్వరగా ఆవిరవుతుంది. పీల్చినదాంట్లో కొంత ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా అడ్డుపడుతుంది. వాసన తెలిసేసరికే మోతాదు మించి ఉంటుంది. దుమ్ము మాస్కు దీన్ని ఆపదు, మామూలు రబ్బరు తొడుగుల్లోంచి దిగిపోతుంది. అమెరికాలో ఇళ్ళలో వాడే పెయింటు తొలగించే ద్రావణాల్లో దీన్ని 2019లో నిషేధించారు, 2024లో మరెన్నో వాడకాలను ఆపారు. తల్లిదండ్రులారా, కొలవడం, చదును చేయడం, సూదులు అమర్చడం పిల్లలకు వదలండి. సీసా మాత్రం మీ చేతిలోనే, ఆరుబయటే ఉండాలి.

రెండో పెట్టెను మేడమీద అతికించాం. మావాడు గాలికి ఎదురువైపు, దూరంగా నిలబడి చెప్పాడు, నేను సిరంజి పట్టాను. వారం ఆరనిచ్చి, నీళ్ళు నింపి, కింద పాత దినపత్రిక పరిచి రెండు రోజులు ఉంచాం. కాగితం తడవలేదు.