మార్పును ముందుగా కనిపెట్టువారు
(పంచాయతీ సభ్యులకు పాఠము)

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట మన పెద్దలు పరిహసించిన పని. అయినను గ్రామపరిపాలనలో మనము తరచు చేయునది అదియే. చెరువు చెడిన పిదప అర్జీ వ్రాయుదుము. పొలములు ఇండ్ల స్థలములైన పిదప మురుగుకాలువకు చోటు వెదకుదుము. రానున్న మార్పును ముందుగా పసిగట్టగలవారు ప్రతి గ్రామమునందును కలరు. వారిని గుర్తించుట పంచాయతీ పని.

నక్కవాగు నేర్పిన పాఠము

1970 దశకము నుండి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ప్రాంతములలో ఔషధ, రసాయన పరిశ్రమలు అనేకము వెలసినవి. వేలమందికి పని దొరికినది. కాని కర్మాగారముల వ్యర్థజలము మంజీరలో కలియు నక్కవాగును, దాని పరిసరములందలి పొలములను, బావులను చెరచినది. పటాన్‌చెరులో వైద్యము చేయుచుండిన డాక్టర్ అల్లాని కిషన్ రావు తమ వద్దకు వచ్చు రోగులలో వ్యాధుల తీరు మారుట గమనించిరి. దానిని నీటితోను, గాలితోను ముడిపెట్టి చూచి, గ్రామస్థులతో కూడి పోరాడిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. అది 2001లో హైకోర్టుకును, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలుకును బదిలీ అయినది. న్యాయస్థానపు ఆదేశములపై రైతులకు నష్టపరిహారము లభించినది. అయితే పరిహారపు సొమ్ము చెడిన బావినీటిని తిరిగి తియ్యన చేయజాలదు. కావుననే ముందుచూపునకు అంత విలువ.

ఉండవలసిన లక్షణములు

1. నిత్యపరిచయము: వాగు సంగతి పశువుల కాపరికి, రోగముల సంగతి ఆరోగ్య కార్యకర్తకు, పిల్లల సంగతి ఉపాధ్యాయునికి ముందుగా తెలియును. హోదా కన్న ఈ పరిచయము ముఖ్యము.

2. పోల్చి చూచు అలవాటు: ఒకనాడు నీరు రంగు మారుట ఒక సంఘటన మాత్రమే. ప్రతి వానకాలమునను మారుచున్నచో అది మార్పునకు సూచన. తేదీ వేసి వ్రాసికొనువాడే ఈ భేదమును చెప్పగలడు.

3. పలువురితో మెలగుట: ఇతర రాష్ట్రముల కార్మికులతో మాటలాడువానికి, అద్దెగదులు పెరుగుచున్నవని ముందే తెలియును. ఆ వార్త అందిన పంచాయతీ మంచినీటికి, బడిగదులకు సకాలమున యత్నింపగలదు.

4. తన చూపునకు హద్దు తెలియుట: 2007లో ప్రకటితమైన స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశోధనలో, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. ఇది కంటికి కనబడునది కాదు. కావున అనుమానమును అనుమానముగానే చెప్పి, పరీక్ష కోరువాడు నమ్మదగినవాడు.

5. స్వలాభము లేకుండుట: భూముల మధ్యవర్తికి కూడ మార్పులు ముందే తెలియును. అతని మాట వినవలెను గాని, దానిపైననే ఆధారపడరాదు.

6. వెరపు లేకుండుట: పెద్దలకు రుచింపని మాటను సభలో చెప్పగలిగి యుండవలెను.

పంచాయతీ కర్తవ్యము

సర్పంచికి కావలసినవారినే ఏరుకొన్నచో, సర్పంచికి కావలసిన వార్తలే అందును. ఎప్పుడును సణుగుచుండునని మనము త్రోసివేయువాడే ఒక్కొక్కప్పుడు నిజము చెప్పుచుండవచ్చును. వాడకొకరు చొప్పున, స్త్రీలను విడువక, తగినవారిని ఎన్నుకొనుడు. వారు చెప్పినది ఒక పుస్తకమున వ్రాయించి, ప్రతి గ్రామసభయందును చదివించుడు. నీటిపై అనుమానము కలిగినచో నమూనా తీసి పరీక్షింపుమని కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయుడు. చెప్పినది ఒకమారు తప్పినను నవ్వకుడు. నవ్వులపాలైనవాడు మరల నోరు విప్పడు. ఆ నష్టము గ్రామమునకే.

చర్చకు ప్రశ్నలు

1. గత అయిదేండ్లలో మన గ్రామమున వచ్చిన మార్పులలో పంచాయతీకి ఆలస్యముగా తెలిసినది ఏది?
2. దానిని మొదట గమనించినవారెవరు? వారు మనకు ఏల చెప్పలేదు?
3. చెప్పియుండినచో, మనము విని యుందుమా?