గద్వాల రైల్వేస్టేషను - మన ప్రాంత ప్రయాణము

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు గద్వాల స్టేషను ప్రధాన రైలు ద్వారము. నిజాం రైల్వే వారు మీటరు గేజిపై నిర్మించిన ఈ మార్గము 1951లో భారత రైల్వేలలో, 1966లో దక్షిణ మధ్య రైల్వేలో చేరినది. 1990వ దశకమున బ్రాడు గేజి అయినది. 2013లో రాయచూరు మార్గము కలియగా గద్వాల జంక్షనయినది.

వనపర్తి వారి స్థితి వేరు. ‘వనపర్తి రోడ్’ స్టేషను పట్టణమున గాక మదనాపురము చెంత నున్నది. రైల్వే పేర్లలో ‘రోడ్’ అనగా ఆ ఊరికి ఇచట దిగి పోవలెనని భావము. నాగర్‌కర్నూలు పట్టణమునకు రైలు మార్గమే లేదు.

కావున టిక్కెట్టు చౌక యని సంతసించుటకు ముందు స్టేషను చేరుటకగు వ్యయమును, కాలమును లెక్కింపవలెను. పేద విద్యార్థి పరీక్షకు, రోగి ఆసుపత్రికి సకాలమున చేరుట దానిపైననే ఆధారపడును.