పాత సర్వర్‌ని బ్యాకప్ బాక్స్‌గా వాడుకోవడం ఎలా?

హెచ్‌పీ మైక్రోసర్వర్ ఎన్40ఎల్ లాంటి పాత బాక్స్ మీ దగ్గరుంటే పాత సామాన్లవాళ్లకి ఇచ్చేయకండి. ప్రాసెసర్ 1.5 గిగాహెర్ట్జే అయినా 4 డిస్కులు పడతాయి. బ్యాకప్‌కి అది చాలు.

నేనైతే ముందు స్మార్ట్ టెస్ట్‌తో డిస్కులు చెక్ చేసి, ఓపెన్‌మీడియావాల్ట్ ఇన్‌స్టాల్ చేసి, రెండు డిస్కుల్ని మిర్రర్ చేస్తాను. కానీ మిర్రర్ ఒక్కటే బ్యాకప్ కాదు. డిలీట్ చేసిన ఫైల్ రెండింట్లోనూ పోతుంది.

అసలు కిటుకు ఇది: ల్యాప్‌టాప్ ఫైల్స్ పంపకూడదు, సర్వరే ఆర్‌సింక్‌తో వచ్చి తీసుకోవాలి. అప్పుడు సర్వర్ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో ఉండదు. ర్యాన్సమ్‌వేర్ వచ్చినా బ్యాకప్‌ని నేరుగా తాకలేదు. కాపీలు తేదీలవారీగా ఉంచండి, లేకపోతే పాడైన ఫైలే మంచిదాని మీద పడుతుంది.

నెలకోసారి ఏదో ఒక ఫైల్ వెనక్కి తెచ్చి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.