కాగజ్‌నగర్ నుంచి కెమెరాతో బయల్దేరే వారికి చిట్కాలు

ఫొటోల సరదా మొదలవగానే చాలామంది అరకు, ఊటీ వైపు చూస్తారు. కానీ చేయి తిరగాలంటే మళ్లీ మళ్లీ వెళ్లగలిగే చోటు కావాలి. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలోనే మనకు నది, అడవి, గూడేలు, జాతరలు ఉన్నాయి.

1. కొత్త కెమెరా ఇప్పుడే కొనకండి, ఫోన్ చాలు. తీసే ముందు లెన్స్‌ను మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. వేళ్లతో జూమ్ చేసే బదులు నాలుగడుగులు ముందుకు నడవండి.

2. ఒకే చోటును మూడు వేళల్లో తీయండి. పేపర్ మిల్లు పొగగొట్టంతోనే మొదలుపెట్టవచ్చు. పొద్దు గొట్టం వెనక ఉంటే పొగ అంచులు మెరుస్తాయి. అదే పొద్దు మన వీపు వైపు ఉంటే పొగ చప్పబడుతుంది. ఈ తేడా కంటికి పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే. 2014లో మూతపడిన ఆ మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది. పొగ రాని ఆ రోజుల్లో తీసిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే అది ఊరి చరిత్రే. కాబట్టి రోజూ చూసేదే కదా అని వదిలేయకండి.

3. కాయలు విచ్చిన పత్తి చేనును తీస్తే ఫొటోలో పత్తి బూడిద రంగుకు దిగుతుంది. అంత తెలుపు చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది. తెర మీద పత్తిని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. నల్లరేగడికి, బర్రెలకు కిందికి జరపాలి.

4. తెల్లవారు వెలుతురు ఎంత బాగున్నా అడవి అంచు చేలల్లోకి ఒంటరిగా వెళ్లకండి. తడోబా, కవ్వాల్ అడవుల మధ్య పులులు తిరిగే దారి మనది. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలోనే పత్తి చేనులో పనిచేస్తున్న మహిళను పులి చంపింది. ఊరివాళ్లను అడిగి, తోడు తీసుకుని, ఎండ బాగా వచ్చాకే కదలండి. రైలు పట్టాల మీద ఫొటోలు అసలే వద్దు.

5. తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అక్కడ ఉత్త నీళ్లనే తీస్తే నది ఎంత వెడల్పో తెలియదు. పడవో, ఒడ్డున మనిషో కనిపించాలి. గ్రిడ్ గీతలు పెట్టుకుంటే నీటి అంచు ఒరగదు.

6. పెంచికల్‌పేట మండలంలోని పాలరాపు గుట్ట పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్న చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లవద్దు, డ్రోన్ ఎగరేయవద్దు. గూడు వదిలి పక్షి లేచిపోయేలా చేసే ఫొటో ఎంత బాగా వచ్చినా తప్పే.

7. దీపావళి రోజుల్లో గోండుల దండారి పండుగలో ఆడే గుస్సాడీ నర్తకులు దీక్షలో ఉంటారు. ముందు గూడెం పెద్ద పటేల్‌ను అడగండి. నెమలి ఈకల టోపీలను ముట్టుకోకండి, ఆటకు అడ్డం నిలబడకండి, ఫ్లాష్ వేయకండి. షట్టర్ 1/500 సెకను పెడితే ఎగిరే అడుగు ఆగి కనిపిస్తుంది. 1/30 పెట్టి కెమెరాను కదలకుండా పట్టుకుంటే ఈకలు తిరిగిన జాడ వస్తుంది. నాకైతే రెండోదే ఇష్టం, అందులో ఆట ఉంటుంది.

8. ఇంటికి రాగానే తేదీ, ఊరు, మనుషుల పేర్లు నోటు పుస్తకంలో రాయండి. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని ఫొటోలు తీసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సేకరణ నేడు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఎక్కడిదో, ఎప్పటిదో రాసి ఉంటేనే పాత ఫొటో మనవలకు పనికొస్తుంది. ఫొటోలను రెండు చోట్ల దాచండి.

9. మనిషి ఫొటో తీస్తే ప్రింటు వేయించి ఇవ్వండి. గూడెంలో ముసలవ్వకు తన ఫొటో ఆధార్ కార్డు మీద తప్ప మరెక్కడా లేకపోవచ్చు. పంపిస్తామని మాట ఇచ్చి మరిచిపోకండి. మళ్లీ వెళ్లినప్పుడు మీరే ఆమె చేతికి ఇవ్వండి.