ఫోర్క్‌లిఫ్ట్ గొలుసు ఎందుకు తెగుతుంది?

గల్ఫ్ దేశాల ఓడరేవులలోను, గిడ్డంగులలోను పనిచేసే తెలుగువారికి ఫోర్క్‌లిఫ్ట్ నిత్యపరిచితమైన యంత్రం. సరకును పైకెత్తే శక్తి హైడ్రాలిక్ పీడనానిదే అయినా, దానిని ఫోర్కులకు అందించేవి సాధారణంగా రెండు ఉక్కు గొలుసులు. 2 టన్నుల సరకెత్తినప్పుడు ఒక్కొక్క గొలుసుపై ఇంచుమించు 1 టన్ను, దానికి తోడు ఫోర్కుల చట్రం బరువులో సగం పడుతుంది. ఇంతకు ఎన్నో రెట్ల బలం ఉండేటట్లే గొలుసును తయారు చేస్తారు. అయినా అది తెగుతుంది. తెగిన క్షణాన ఎత్తిన సరకు నేలకూలుతుంది.

"గొలుసు సాగింది" అనడం వాడుక. నిజానికి పలకలు సాగవు. పిన్నులు, రంధ్రాలు ఒరుసుకొని అరుగుతాయి. 19.05 మి.మీ. పిచ్ గల కొత్త గొలుసులో 16 లంకెల పొడవు 304.8 మి.మీ. అది సుమారు 314 మి.మీ.కు చేరితే 3 శాతం పెరిగినట్లే, గొలుసు మార్చవలసినదే. ఈ కొలత కప్పీ మీదుగా తిరిగే భాగంలోనే తీయాలి. కదలని కొసన కొలిస్తే అరుగుదల బయటపడదు. పైపైన దట్టంగా పూసిన గ్రీజు చూపులకు బాగుంటుంది గాని లోపలికి చేరదు. పలకల నడుమకు ఇంకే నూనె కావాలి.

అరుగుదల కొలతకు దొరుకుతుంది. రసాయన చర్య అలా దొరకదు. బ్యాటరీ నుండి చిందిన గంధకామ్లం ఇనుముతో చర్య జరిపినప్పుడు హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. అందులో అధికభాగం జంటలై బుడగలుగా పోతుంది. కొన్ని మాత్రం జంట కాకముందే ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుబారుస్తాయి. 1875లోనే విలియం జాన్సన్ ఈ వింతను వర్ణించాడు: ఆమ్లంలో ముంచిన ఇనుప తీగను విరిచి, విరిగిన చోటును తడిపితే బుడగలు పొంగాయి. కొంతకాలానికి తీగ మునుపటి గుణాన్ని తిరిగి పొందింది. అయితే అప్పటికే పగులు ఏర్పడి ఉంటే అది మానదు. కాబట్టి ఆమ్లం సోకిన గొలుసును తుడిచి వాడటం ప్రమాదకరం. తుప్పుకు విరుగుడని విద్యుల్లేపనం చేయించడమూ అంతే. ఆ ప్రక్రియలోనూ హైడ్రోజన్ ఉక్కులోకి చేరుతుంది.

పగులు ఆకృతి కారణాన్ని సూచిస్తుంది. లాగుడుకు అడ్డంగా, రంధ్రపు అంచు నుండి బయలుదేరితే అది పదేపదే బరువెత్తిన అలసట. విల్లులా వంగి ఉంటే క్షయానికి ఒత్తిడి తోడైనదని అనుమానించాలి. ఏది కనిపించినా ఆ ఒక్క లంకెను మార్చి ఊరుకోరాదు. రెండు గొలుసులను, వాటిని బిగించే కొస పిన్నులను కలిపే మార్చాలి. కొత్తదాని పక్కన పాతదుంటే బరువు సమంగా పంచుకోదు.