కొలతలోని అనిశ్చితి – తనిఖీదారుని తీర్పు

కర్మాగారంలో తయారైన భాగాన్ని కొలిచి, అది పనికివస్తుందో రాదో తేల్చవలసిన బాధ్యత తనిఖీదారునిది. ఆ తీర్పుకు ఆధారం కొలత. కాని ఒకే కడ్డీని పదిసార్లు కొలిస్తే పది కొలతలూ ఒకే విధంగా ఉండవని ప్రయోగశాలలో పనిచేసిన ప్రతి విద్యార్థికీ తెలుసు. అట్టి కొలతను నమ్మి తీర్పు చెప్పడం ఎట్లు?

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఉక్కు ఇరుసు వ్యాసం 25.000 మి.మీ. ఉండవలెననీ, 0.020 మి.మీ. వరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చుననీ డ్రాయింగులో నిర్దేశించారనుకొనండి. అనగా 24.980 నుండి 25.020 వరకు అనుమతి ఉన్నది. మైక్రోమీటరు 25.018 చూపినది. దీనిని అంగీకరించవచ్చునా?

తొందరపడరాదు. ముందుగా సవరించదగిన దోషాలను సవరించవలెను. పొడవుల కొలతకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని 1931లోనే అంతర్జాతీయంగా నిర్ణయించారు. లేతు నుండి తీసిన ఇరుసు 40 డిగ్రీల వేడితో ఉంటే, దాని వ్యాసం సుమారు 0.006 మి.మీ. పెరిగి ఉంటుంది. కావున చల్లారిన పిమ్మటనే కొలవవలెను.

ఇట్లు సవరించిన తరువాత కూడ మిగిలే సందేహమే అనిశ్చితి. మైక్రోమీటరు క్రమాంకనం వలన 0.0010, పలుమార్లు కొలిచినపుడు కలిగే తేడాల వలన 0.0015, మిగిలిన ఉష్ణోగ్రతా భేదం వలన 0.0010 మి.మీ. అనిశ్చితి ఉన్నదనుకొందాము. వీటిని నేరుగా కూడరాదు. వర్గాలను కూడి, వర్గమూలం తీయవలెను. సుమారు 0.002 వస్తుంది. దానిని రెట్టింపు చేస్తే, నూటికి సుమారు 95 పాళ్ల నమ్మకంతో 0.004 మి.మీ. అనిశ్చితి అని చెప్పవచ్చును.

అనగా మన ఇరుసు నిజ వ్యాసం 25.014 కావచ్చును, 25.022 కూడ కావచ్చును. కావున నిస్సందేహంగా అంగీకరించదగిన పరిధి 24.984 నుండి 25.016 వరకే. 24.976కు తగ్గినా, 25.024కు మించినా నిస్సందేహంగా తిరస్కరించవచ్చును. నడుమనున్నవి సందేహపు భాగాలు. వాటిని మరింత సూక్ష్మమైన సాధనంతో మళ్లీ కొలవడమే న్యాయం.

అమ్మకందారు, కొనుగోలుదారు వాదించుకొన్నపుడు ఏమి చేయాలి? 1998లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 14253-1 ప్రమాణం దీనికి చక్కని సూత్రం చెప్పినది: నిరూపించే భారం ఎవరిదో, అనిశ్చితి వారికే ప్రతికూలంగా లెక్కింపబడుతుంది. మన ఇరుసు బాగున్నదని అమ్మేవాడు నిరూపించలేడు. బాగులేదని కొనేవాడూ నిరూపించలేడు.

సాధనం నాసిరకమైతే నష్టం మనకే. అనిశ్చితి 0.010 అయితే, అంగీకార పరిధి 24.990 నుండి 25.010కి, అనగా సగానికి, కుంచించుకుపోతుంది. మంచి భాగాలెన్నో అనుమానంతో ప్రక్కన పడతాయి. వాటిని చేసిన కార్మికుని శ్రమ వృథా అవుతుంది. సందేహాన్ని విస్మరించి అంగీకరిస్తే, లోపమున్న భాగం యంత్రంలో చేరుతుంది.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు తనిఖీ పత్రంపై సంతకం చేయునపుడు, కొలత ప్రక్కన దాని అనిశ్చితిని కూడ వ్రాయండి. తనకెంత తెలుసునో దానితోపాటు ఎంత తెలియదో చెప్పగలిగినవాని సంతకానికే విలువ.