తుడిచినను పోని పేర్లు



బదిలీ పత్రము తీసికొని వేఱొక యూరికి పోయిన బాలుని పేరు హాజరుపట్టికయందు మిగిలియుండినచో నేమగును? ఉపాధ్యాయుడు పిలుచును; పలుకువారుండరు. కంప్యూటరునందు పాత ఆపరేటింగ్ సిస్టమును తీసివేసి క్రొత్తదానిని స్థాపించిన పిమ్మట, ఆరంభమున పాతపేరు తెరపై కనబడుచుండుటకు కారణ మిట్టిదియే. బాలుడు పోయెను గాని పేరు పోలేదు.

ఆ పేరెచ్చట నున్నది? మీట నొక్కగానే మొదట మేల్కొనునది విండోస్ కాదు. మదర్‌బోర్డుపై చిప్పులో నుండు యూఈఎఫ్‌ఐ అను కార్యక్రమము. విద్యుత్తు పోయినను చెరగని స్మృతి దానికి వేఱుగా కలదు. ఏయే సిస్టములు కలవు, దేనిని ముందు పిలువవలయును అను పట్టిక అందే వ్రాయబడి యుండును. ఆ పట్టిక చూపు ఫైళ్లు డిస్కునందలి ఈఎఫ్‌ఐ అను చిన్న భాగమున నుండును. ఇవిగాక విండోస్ తన సొంతపట్టిక నొకదానిని, 2007లో విస్టా వచ్చినది మొదలు బీసీడీ అను పేరుతో నుంచుకొనుచున్నది. అనగా పేరు మూడు తావుల నుండవచ్చును. సీ డ్రైవును ఫార్మాటు చేసినంతమాత్రమున ఈ మూటిలో నొక్కటియు చెరగదు.

ఇది తెలియకయే మేమొకమాఱు చిక్కుపడితిమి. మా కంప్యూటరుగదిలో నొక యంత్రమున విండోస్, ఉబుంటు రెండును ఉండెను. పదవతరగతి మార్కులన్నియు విండోస్ వైపున నుండెను. స్థలము చాలదని ఉబుంటు భాగమును మేమే తుడిచివేసితిమి. మఱునాటి యుదయమున తెరపై గ్రబ్ అను మాట తప్ప మఱేమియు రాలేదు. పిలువగా వచ్చిన పనివాడు డిస్కు మొత్తమును ఫార్మాటు చేయవలయుననెను. మేమును ఇంచుమించు ఒప్పుకొంటిమి! తుదకు ఎఫ్2 మీట నొక్కి యూఈఎఫ్‌ఐ లోనికి పోయి చూడగా, వరుసలో మొదట నిలిచినది ఉబుంటు పేరే. విండోస్ బూట్ మేనేజరును మొదటికి తెచ్చితిమి. యంత్రము లేచెను, మార్కులు చెక్కుచెదరలేదు.

కావున వరుస మార్చుట మొదటి పని, తుడుచుట తరువాతిది. డిస్కు బిట్‌లాకరుతో తాళము వేయబడియున్నచో, 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితముపై వ్రాసి దగ్గఱ నుంచుకొనవలయును. ఆరంభక్రమము మారినప్పుడు యంత్రము దాని నడుగవచ్చును.

విండోస్ పేరే రెండుమాఱులు కనబడుచున్నచో పని సులభము. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఆంగ్లాక్షరములతో వ్రాసి, బూట్ అను పుటను తెఱవవలయును. కరెంట్ ఓఎస్ అను గుర్తుగలది ఇప్పుడు నడచుచున్నది; దానిని ముట్టరాదు. రెండవదానిని ఎన్నుకొని డిలీట్ నొక్కవలయును.

ఉబుంటు వంటి పేరు చిప్పునందు నిలిచియున్నచో కొంత ఓర్పు వలయును. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరుగా తెఱచి, బీసీడీఎడిట్ /ఎన్యూమ్ ఫర్మ్‌వేర్ అను ఆజ్ఞ నియ్యగా పేర్లన్నియు వచ్చును. ప్రతిదానికి మీసపు కుండలీకరణములలో దీర్ఘమైన గుర్తింపు సంఖ్య యుండును. పేరును రెండుమాఱులు చదివి, బీసీడీఎడిట్ /డిలీట్ అని ఆ సంఖ్యను కుండలీకరణములతో సహా చేర్చవలయును. లినక్సునందైనచో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అను ఆజ్ఞ ఇదే పని చేయును.

కొన్ని యంత్రములలో తుడిచిన పేరు మరల మొలచును. ఈఎఫ్‌ఐ భాగమున పాత ఫోల్డరు మిగిలియుండుటయే అందుకు హేతువు. మౌంట్‌వాల్ ఎస్: /ఎస్ అను ఆజ్ఞతో ఆ భాగమును తెఱచి, ఉబుంటు ఫోల్డరును మాత్రమే తీసివేయవలయును. ప్రక్కనున్న మైక్రోసాఫ్ట్, బూట్ అను ఫోల్డర్ల జోలికి పోరాదు.

పొరపాటున విండోస్ పేరే తుడిచినచో భయపడనక్కఱలేదు. విండోస్ స్థాపనకు వాడు పెన్‌డ్రైవుతో యంత్రమును లేపి, షిఫ్ట్, ఎఫ్10 మీటలను కలిపి నొక్కి, బీసీడీబూట్ సీ:\విండోస్ అను ఆజ్ఞ నియ్యవలయును. అచ్చట డ్రైవుల అక్షరములు మాఱియుండవచ్చును గనుక, విండోస్ ఫోల్డరు ఏ యక్షరము క్రింద నున్నదో డీఐఆర్ ఆజ్ఞతో ముందు చూచుకొనవలయును. పిదప పెన్‌డ్రైవును తీసివేసి యంత్రమును మరల ఆరంభింపవలయును.